లైంగిక విద్య: సిలబస్‌లో ఉన్నది క్లాసులో ఎందుకు వినిపించదు?

జీవశాస్త్రం పుస్తకంలో ప్రత్యుత్పత్తి పాఠం వచ్చే వారం క్లాసులో ఓ రకమైన కుతూహలం ఉంటుంది. పిల్లలు ఆ పేజీలు ముందే తిరగేసి ఉంటారు. టీచర్ ఏం చెబుతారా అని ఎదురుచూస్తుంటారు. చాలా చోట్ల జరిగేది ఇదీ: పువ్వుల్లో పరాగ సంపర్కం గురించి తీరిగ్గా చెప్పిన టీచర్, మనుషుల దగ్గరికి వచ్చేసరికి వేగం పెంచుతారు. బొమ్మ వేసి భాగాలు గుర్తించమంటారు. పరీక్షకు వచ్చే ప్రశ్నలకు గుర్తులు పెట్టిస్తారు. మిగతాది ఇంట్లో చదువుకోమంటారు. బొమ్మకు మార్కులు వస్తాయి. పిల్లల మనసులో ఉన్న ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోతుంది.

ఆ టీచర్‌ను తప్పుపట్టడం తేలిక. కానీ ఈ పాఠం ఎలా చెప్పాలో వాళ్లకు శిక్షణలో ఎవరూ నేర్పి ఉండరు. రేపు ఒక తల్లో తండ్రో వచ్చి గొడవ పడితే హెడ్‌మాస్టర్ తమ వైపు నిలబడతారన్న నమ్మకం ఉండదు. అలాంటప్పుడు దాటేయడమే క్షేమం అనిపిస్తుంది.

బడిలో లైంగిక విద్య ఉండాలా వద్దా అని దశాబ్దాలుగా వాదించుకుంటున్నాం. ఆ వాదన అసలు చిక్కును కప్పేస్తోందని నా అభిప్రాయం. ఏదో ఒక పేరుతో, ఏదో ఒక మోతాదులో ఈ పాఠం చాలా దేశాల సిలబస్‌లో ఇప్పటికే ఉంది. దాన్ని ఏ ఉద్దేశంతో చెబుతున్నారు, ఏ వయసులో చెబుతున్నారు, ఎవరు చెబుతున్నారు, పిల్లలు తిరిగి ప్రశ్న అడగగలుగుతున్నారా అన్నవే ఫలితాన్ని నిర్ణయిస్తాయి. హైస్కూళ్లు ఈ పని ఎన్ని రకాలుగా చేస్తున్నాయో, ఏది ఎంతవరకు పనిచేసిందో చూస్తే సంగతి కొంత స్పష్టమవుతుంది.

"వద్దు" అని చెప్పే పాఠం

పాతకాలం నుంచి ఉన్నదీ, ఇప్పటికీ బలంగా ఉన్నదీ "వద్దు" అని చెప్పే పద్ధతి. పెళ్లి దాకా ఆగండి, ఆగకపోతే ఇవిగో నష్టాలు అన్నదే అందులో పాఠం. గర్భనిరోధకాల గురించి చెబితే పిల్లలకు మనమే అనుమతి ఇచ్చినట్టవుతుందని ఈ పద్ధతిని సమర్థించేవాళ్లు అంటారు. ఆ భయం నిజమైనదే. పిల్లల మీద ప్రేమతోనే వాళ్లు అలా అంటారు. కాబట్టి కొట్టిపారేయకుండా, అది నిజమవుతుందో లేదో పరీక్షించి చూడాలి.

అమెరికా ఆ పరీక్ష చేసింది. 1996లో సంక్షేమ చట్టాలను మార్చినప్పుడు, ఇలాంటి కార్యక్రమాలకు ఏటా 5 కోట్ల డాలర్ల కేంద్ర నిధులు కేటాయించింది. ఆ డబ్బు ఫలితం ఇస్తోందా అని తేల్చే పని మ్యాథమెటికా అనే పరిశోధన సంస్థకు అప్పగించారు. ఆ సంస్థ నాలుగు కార్యక్రమాలను ఎంచుకుని, 2,000 మందికి పైగా పిల్లలను కొన్నేళ్లపాటు గమనించి 2007లో నివేదిక ఇచ్చింది. ఈ పాఠాలు విన్నవాళ్లలో, విననివాళ్లలో లైంగిక సంబంధాలకు దూరంగా ఉన్నవారి శాతం దాదాపు ఒకటే. దూరంగా ఉండనివాళ్లలో అది మొదలైన సగటు వయసు కూడా రెండు వైపులా దాదాపు 15 ఏళ్లే.

అమెరికాలోనే పెళ్లి దాకా ఆగుతామని పిల్లల చేత ప్రమాణాలు చేయించే ఉద్యమం కూడా నడిచింది. జానెట్ రోజెన్‌బామ్ అనే పరిశోధకురాలు ప్రమాణం చేసిన యువతను, మిగతా అన్ని విషయాల్లో వాళ్లలాగే ఉండి ప్రమాణం మాత్రం చేయని యువతతో పోల్చి చూసి 2009లో ఫలితాలు ప్రచురించారు. ఐదేళ్ల తర్వాత ఇద్దరి ప్రవర్తనలోనూ తేడా లేదు. ప్రమాణం చేసినవాళ్లలో 82 శాతం మంది అసలు తాము ఎప్పుడూ ప్రమాణమే చేయలేదన్నారు. ఒక్క విషయంలో మాత్రం తేడా కనిపించింది. వాళ్లు కండోమ్ లాంటి జాగ్రత్తలు తక్కువగా తీసుకున్నారు. ఆగాలన్న మాట నిలబడలేదు. ఆగనప్పుడు ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. పిల్లలు ఆ రెండింటి మధ్య చిక్కుకున్నారు.

ఆస్ట్రేలియాలో ఇంకో ప్రయత్నం జరిగింది. టీనేజ్ అమ్మాయిలకు ఏడ్చే, పాలు అడిగే, రాత్రిళ్లు నిద్రలేపే ఎలక్ట్రానిక్ పసిపాప బొమ్మను వారాంతంలో ఇంటికి ఇచ్చి పంపేవారు. పాపను పెంచడం ఎంత కష్టమో తెలిస్తే చిన్న వయసులో గర్భం రాకుండా జాగ్రత్తపడతారని ఆలోచన. పశ్చిమ ఆస్ట్రేలియాలో 57 బడుల్లో, 13 నుంచి 15 ఏళ్ల అమ్మాయిలు 2,800 మందికి పైగా పాల్గొన్న అధ్యయనం 2016లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. బొమ్మను పెంచిన గుంపులో 20 ఏళ్లలోపు బిడ్డను కన్నవారు 8 శాతం. మామూలు ఆరోగ్య పాఠాలు విన్న గుంపులో 4 శాతం. అబార్షన్లు కూడా మొదటి గుంపులోనే ఎక్కువ.  ఆ వయసులో భయం ఎంతవరకు పనిచేస్తుందన్న మన అంచనాను ఈ ఫలితం గట్టిగానే ప్రశ్నిస్తుంది.

సగం చెప్పి ఆపేసే పాఠం

రెండో పద్ధతిలో శరీర నిర్మాణం చెబుతారు, రోగాలు చెబుతారు, అక్కడితో ఆపేస్తారు. జపాన్ దీనికి మంచి ఉదాహరణ. అక్కడ 1998లో సవరించిన పాఠ్య మార్గదర్శకాల్లో ఒక నియమం చేర్చారు. అండం, శుక్రకణం కలవడం గురించి చెప్పవచ్చు. ఆ కలయిక దాకా జరిగే ప్రక్రియను మాత్రం పాఠంలో తీసుకోకూడదు. ఇది ప్రాథమిక పాఠశాల ఐదో తరగతి సైన్స్ పాఠానికి పెట్టిన నియమం. మాధ్యమిక స్థాయిలోనూ ఇలాంటి ఆంక్షే ఉంది. అంటే ఫలదీకరణ ఎలా జరుగుతుందో పిల్లలకు తెలుస్తుంది, ఆ రెండు కణాలు ఒకచోటికి ఎలా వచ్చాయో తెలియదు. చట్టం విషయానికొస్తే, లైంగిక సమ్మతికి కనీస వయసు ఆ దేశంలో 2023 దాకా 13 ఏళ్లే ఉండేది. ఆ ఏడాది దాన్ని 16కు పెంచారు. చట్టం 13 ఏళ్ల పిల్లను నిర్ణయం తీసుకోగల మనిషిగా చూసిన ఆ కాలంలోనే, ఆ నిర్ణయం దేని గురించో చెప్పడానికి బడికి వీలు లేకపోయింది.

ఈ రెండో పద్ధతి చాలా దేశాల్లోకి హెచ్ఐవీ భయంతో వచ్చింది. 1980ల చివర నుంచి ఎయిడ్స్ వ్యాపిస్తుండటంతో, అప్పటిదాకా నోరు విప్పని ప్రభుత్వాలు కూడా బడి పిల్లలకు ఏదో ఒకటి చెప్పాలనుకున్నాయి. భారత్‌లో 2005లో మొదలైన కౌమార విద్యా కార్యక్రమం కూడా విద్యా మంత్రిత్వ శాఖ, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కలిసి రూపొందించిందే. 2007 నాటికి మహారాష్ట్ర, గుజరాత్, కర్ణాటక, మధ్యప్రదేశ్ వంటి రాష్ట్రాలు దాన్ని వ్యతిరేకించి నిలిపివేశాయి. పాఠాల్లోని బొమ్మలు మన సంస్కృతికి తగవన్నది ప్రధాన అభ్యంతరం.

రోగం గుమ్మంలోంచి లోపలికి వచ్చిన పాఠానికి రోగం వాసన పోలేదు. సెక్స్ అంటే ఇన్ఫెక్షన్, గర్భం, పోలీసు కేసు. అంతకుమించి అందులో ఏమీ లేనట్టు ఉంటుంది. ఒకరి మీద ఇష్టం కలగడం ఎలా ఉంటుంది, అవతలివాళ్లకు ఇష్టం లేదని ఎలా తెలుసుకోవాలి, కాదన్నప్పుడు దాన్ని ఎలా తీసుకోవాలి, స్నేహితులు ఎగతాళి చేస్తే ఏం చేయాలి లాంటివి ఆ పాఠంలో కనిపించవు. పిల్లల రోజులు గడిచేది మాత్రం ఈ ప్రశ్నలతోనే.

సమగ్రం అంటే ఏమిటి, పనిచేస్తుందా

మూడోది సమగ్ర లైంగిక విద్య. యునెస్కో 2009లో దీనికి అంతర్జాతీయ మార్గదర్శకాలు తెచ్చింది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ తదితర ఐక్యరాజ్యసమితి సంస్థలతో కలిసి వాటిని సవరించింది. అందులో ఎనిమిది ముఖ్యాంశాలు ఉన్నాయి: సంబంధాలు; విలువలు, హక్కులు, సంస్కృతి; ఆడా మగా తేడాల మీద సమాజపు ఆలోచనలు; హింస, భద్రత; నిర్ణయాలు తీసుకునే నేర్పు; శరీరం, ఎదుగుదల; లైంగికత, ప్రవర్తన; లైంగిక, పునరుత్పత్తి ఆరోగ్యం. మన క్లాసుల్లో మొత్తం పాఠంగా చెలామణీ అవుతున్న శరీర నిర్మాణం ఈ ఎనిమిదిలో ఒకటి మాత్రమే.

చాలామంది తల్లిదండ్రుల మొదటి ప్రశ్న: ఇవన్నీ చెబితే పిల్లలు తొందరపడరా? ఈ మార్గదర్శకాల కోసం వివిధ దేశాల పరిశోధనలను సమీక్షించారు. లైంగిక విద్య వల్ల పిల్లలు ముందుగా మొదలుపెట్టారన్న ఆధారం దొరకలేదు. మూడో వంతుకు పైగా కార్యక్రమాల్లో అది ఆలస్యమైంది. మిగతా వాటిలో ఆ విషయంలో మార్పు లేదు. ఈ ప్రశ్నకు ఇంతకంటే గట్టి సమాధానం దొరకడం కష్టం. ఈ వాదనను ఇక్కడితో ముగించవచ్చని నేను అనుకుంటున్నాను.

అయితే సమగ్ర విద్యను సమర్థించేవాళ్లు, నాతో సహా, ఎదుర్కోవాల్సిన ఒక ఫలితం కూడా ఉంది. వైద్య పరిశోధనలను కఠినంగా వడపోసే కాక్రేన్ సంస్థ 2016లో ఎనిమిది పెద్ద ప్రయోగాలను కలిపి విశ్లేషించింది. పాల్గొన్న విద్యార్థులు 55,000 మందికి పైనే. బడిలో పాఠాలు చెప్పడం ఒక్కటే హెచ్ఐవీనో, ఇతర సుఖవ్యాధులనో, టీనేజ్ గర్భాలనో తగ్గించినట్టు కనబడలేదు. అమ్మాయిలు చదువు మానకుండా యూనిఫాం లాంటి చిన్న సాయాలు చేసిన చోట్ల మాత్రం గర్భాలు కొంత తగ్గినట్టు సూచనలున్నాయి.

అయితే పాఠం వృథా అనుకోవాలా? నేను అలా చదవను. కండోమ్ గురించి తెలిసిన అమ్మాయి, దాన్ని వాడమని అడగలేని సంబంధంలో ఉంటే ఆ తెలివి ఏ మేరకు ఉపయోగపడుతుంది? క్లినిక్ ఉందని తెలిసిన అబ్బాయికి, అక్కడికి వెళ్తే ఇంట్లో తెలిసిపోతుందన్న భయం ఉంటే? 2015లో నికోల్ హేబర్‌ల్యాండ్ అనే పరిశోధకురాలు ఈ ముడిని విప్పే ప్రయత్నం చేశారు. 22 కార్యక్రమాలను రెండుగా విడదీశారు. ఆడా మగా మధ్య అధికారం గురించి, ఎవరి మాట చెల్లుతుందన్న దాని గురించి మాట్లాడేవి ఒకవైపు. ఆ ఊసు లేనివి ఇంకోవైపు. మొదటి రకంలో 80 శాతం కార్యక్రమాలు గర్భాలనో, సుఖవ్యాధులనో తగ్గించాయి. రెండో రకంలో తగ్గించినవి 17 శాతమే. అభ్యంతరాలు ఎక్కువగా వచ్చేదీ, కోత పెట్టేటప్పుడు ముందుగా తీసేసేదీ కూడా ఆ మొదటి రకం భాగమే. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే. పనిచేసే భాగాన్ని తీసేసి, మిగిలింది చెప్పి, పనిచేయలేదంటున్నాం.

దేశాల స్థాయిలో చూసినా పాఠం ఒంటరిగా గెలిచిన దాఖలా లేదు, తోడు దొరికిన చోట గెలిచింది. ఇంగ్లండ్‌లో 1998లో 18 ఏళ్లలోపు అమ్మాయిల్లో ప్రతి వెయ్యి మందికి దాదాపు 47 గర్భాలు నమోదయ్యేవి. 1999లో ప్రభుత్వం బడి పాఠాలను, యువతకు సులువుగా అందే వైద్య సేవలను, స్థానిక సంస్థల బాధ్యతను ఒకే ప్రణాళికలో కట్టింది. 2018 నాటికి ఆ సంఖ్య 17కు దగ్గరైంది. ఫిన్లాండ్ కథ దీనికి తిరగేసి ఉంటుంది. 1990ల మధ్యలో అక్కడి బడులకు సిలబస్ విషయంలో స్వేచ్ఛ ఇచ్చేసరికి చాలా చోట్ల ఈ పాఠాలు తగ్గాయి. ఆర్థిక మాంద్యంతో బడి నర్సుల సేవలకూ కోత పడింది. ఆ తర్వాతి ఏళ్లలో టీనేజ్ అబార్షన్లు పెరిగాయి. 2000ల్లో ఆరోగ్య విద్యను తప్పనిసరి సబ్జెక్టుగా చేశాక మళ్లీ తగ్గుముఖం పట్టాయి. ఇందులో ఎంత వాటా పాఠానిది, ఎంత నర్సులది అని విడదీసి చెప్పలేం. రెండూ కలిసి పోయాయి, కలిసి వచ్చాయి.

ఎప్పుడు చెప్పాలి

ఇది పెద్దగా తర్జనభర్జన పడాల్సిన విషయం కాదు. అమ్మాయిల్లో శరీర మార్పులు 8 నుంచి 13 ఏళ్ల మధ్య, అబ్బాయిల్లో 9 నుంచి 14 ఏళ్ల మధ్య మొదలవుతాయి. నెలసరి అంటే ఏమిటో అది మొదలయ్యాక చెప్పడం, రాత్రి నిద్రలో వీర్యం పోవడం మామూలే అని అబ్బాయి ఏడాది పాటు కుమిలిపోయాక చెప్పడం ఆలస్యమే. హైస్కూల్ చివరి తరగతుల్లో ఒక పాఠం పెట్టి సరిపెట్టుకునే బడి, పిల్లలు దాటేసిన వంతెన గురించి హెచ్చరిస్తోంది. యునెస్కో మార్గదర్శకాలు 5 ఏళ్ల నుంచి 18 దాటేదాకా నాలుగు వయో దశలుగా విభజించి ఉంటాయి. ఐదేళ్ల పిల్లలకు సెక్స్ పాఠమా అని ఉలిక్కిపడేవాళ్లు ఆ దశలో ఏముందో చూడాలి: కుటుంబాలు, స్నేహం, శరీర భాగాల పేర్లు, నీ శరీరాన్ని ఎవరు తాకవచ్చు, నచ్చకపోతే ఎవరికి చెప్పాలి. హైస్కూల్ టీచర్ పని సులువు కావాలంటే ఈ పునాది కింది తరగతుల్లోనే పడాలి.

ఇక ఫోన్ సంగతి. ఇంగ్లండ్ పిల్లల కమిషనర్ 2023లో విడుదల చేసిన నివేదిక ప్రకారం అక్కడి పిల్లలు అశ్లీల వీడియోలు మొదటిసారి చూసే సగటు వయసు 13. అంటే హైస్కూల్ పాఠం ఖాళీ పలక మీద రాస్తున్నట్టు కాదు. చాలామంది పిల్లల మనసులో అప్పటికే ఏదో ఒకటి ముద్రపడి ఉంటుంది: శరీరాలు ఎలా ఉండాలి, ఆడవాళ్లు దేనికి ఒప్పుకుంటారు, అడగాల్సిన అవసరం ఉందా లేదా. అవి నటించి తీసినవనీ, అందులో చూపించేది నిజ జీవితంలో సంబంధాలు నడిచే తీరు కాదనీ చెప్పేవాళ్లు ఒకరు ఉండాలి. ఆ మాట ఎత్తకుండా ఈ రోజుల్లో ఈ పాఠం పూర్తికాదు.

ఎవరు చెప్పాలి

నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో కీలకమైన ప్రశ్న ఇదే, దీనికే అన్నిటికంటే తక్కువ ఆలోచన ఖర్చుపెడుతున్నాం. బ్రిటన్ పరిశోధకులు పది దేశాల్లో పిల్లల అభిప్రాయాలు సేకరించిన 55 అధ్యయనాలను కలిపి 2016లో ప్రచురించారు. స్వీడన్, జపాన్, ఇరాన్, బ్రెజిల్, అమెరికా లాంటి ఒకదానికొకటి పొంతనలేని దేశాలు అందులో ఉన్నాయి. పిల్లలు చెప్పిన మాటలు మాత్రం ఆశ్చర్యం కలిగించేంత దగ్గరగా ఉన్నాయి. రోజూ పాఠాలు చెప్పే టీచరే ఇది కూడా చెబితే ఇబ్బందిగా ఉంటుందన్నారు. టీచర్లే సిగ్గుపడుతున్నారన్నారు. అబ్బాయిలు నవ్వులాటల వెనక తమకేమీ తెలియదన్న సంగతి దాచుకుంటారనీ, అమ్మాయిలకు ప్రశ్న అడిగితే ఏమనుకుంటారోనన్న టెన్షన్ ఉంటుందనీ ఆ అధ్యయనాల్లో తేలింది. అన్నిటికీ మించి, ఇది లెక్కల పాఠంలాంటిది కాదని బడి గుర్తించడం లేదన్నది పిల్లల ఫిర్యాదు.

మరి బయటి నిపుణులను పిలిస్తే? పిల్లలు వాళ్లతో స్వేచ్ఛగా మాట్లాడతారు, మళ్లీ వాళ్లను చూడాల్సిన పని ఉండదు కాబట్టి. కానీ ఏడాదికోసారి వచ్చి గంట మాట్లాడి వెళ్లే డాక్టర్‌కు, ఆ క్లాసులో ఎవరు ఏ బాధలో ఉన్నారో తెలియదు. వారం తర్వాత పిల్లకు ప్రశ్న వస్తే అడగడానికి ఆ మనిషి అక్కడ ఉండరు. సొంత టీచర్‌కు శిక్షణ ఇచ్చి, కష్టమైన భాగాలకు బయటివాళ్ల సాయం తీసుకోవడమే మేలని నాకనిపిస్తుంది. భారత్‌లో 2020 ఫిబ్రవరిలో ప్రారంభించిన పాఠశాల ఆరోగ్య కార్యక్రమం కొంతవరకు ఈ దారిలోనే ఉంది. ప్రతి బడి నుంచి ఇద్దరు టీచర్లను, వీలైతే ఒక ఆడ, ఒక మగ టీచర్‌ను ఎంచుకుని, ఎదుగుదల, భావోద్వేగాలు, ప్రత్యుత్పత్తి ఆరోగ్యం, ఇంటర్నెట్ భద్రత వంటి 11 అంశాల మీద శిక్షణ ఇవ్వాలన్నది అందులోని ఆలోచన. కాగితం మీద మంచి ఏర్పాటే. దాని విలువ ఆ ఇద్దరు టీచర్లకు టైమ్‌టేబుల్‌లో నిజంగా ఒక పీరియడ్ దొరుకుతుందా, పరీక్షలు దగ్గరపడగానే దాన్ని గణితానికి ఇచ్చేస్తారా అన్నదాని మీద ఆధారపడుతుంది.

శిక్షణ అంటే వాస్తవాలు నేర్పడం మాత్రమే అనుకోకూడదు. జీవశాస్త్రం టీచర్‌కు వాస్తవాలు ఎలాగూ తెలుసు. నోరు తిరగని మాటలను గొంతు తడబడకుండా పలకడం, వెనక బెంచీ నుంచి వచ్చే వెకిలి ప్రశ్నలో దాగిన నిజమైన సందేహాన్ని పట్టుకోవడం, "మీరెప్పుడు మొదలుపెట్టారు సార్" అని అడిగితే కోప్పడకుండా "నా సొంత విషయాలూ మీ సొంత విషయాలూ ఇక్కడ మాట్లాడుకోం" అని హద్దు గీయడం నేర్చుకోవాలి. ఇవి సాధనతో వస్తాయి, తోటి టీచర్ల ముందు పదిసార్లు పలికి చూస్తే వస్తాయి. పేరు రాయకుండా చీటీలు వేసే ప్రశ్నల పెట్టె చాలా దేశాల్లో వాడే పాత పద్ధతి, ఇప్పటికీ బాగా పనిచేసే పద్ధతి. అందులో ఒక చిన్న జాగ్రత్త ఉంది. ప్రశ్న ఉన్నా లేకపోయినా అందరూ ఏదో ఒకటి రాసి వేయాలి. లేకపోతే ఎవరు రాస్తున్నారో అందరి కళ్లూ అటే వెళతాయి. టీచర్ చీటీలను ఇంటికి తీసుకెళ్లి చదివి, మరుసటి క్లాసులో జవాబులతో రావాలి.

అమ్మాయిలనూ అబ్బాయిలనూ విడదీయాలా అన్నది తరచూ వచ్చే ప్రశ్న. కొన్ని పాఠాలకు విడదీస్తే మాట్లాడటం సులువవుతుంది, అందులో తప్పులేదు. కానీ నెలసరి పాఠమప్పుడు అబ్బాయిలను ఆటలకు పంపేయడం మాత్రం నష్టం. అది తెలుసుకోని అబ్బాయే రేపు బట్టల మీద మరక చూసి నవ్వేది. అబ్బాయిల పాఠమైతే చాలా బడుల్లో అసలు లేనే లేదు. గొంతు మారడం, శరీరం కొలతల గురించి బెంగ, హస్తప్రయోగం వల్ల నీరసం వస్తుందన్న అపోహ, కాదనిపించుకున్నప్పటి అవమానం వీటి గురించి వాళ్లతో ఏ పెద్దవాళ్లూ మాట్లాడరు. ఆ ఖాళీని ఎవరు నింపుతున్నారో ఫోన్ చూస్తే తెలుస్తుంది.

సమ్మతి గురించిన పాఠం ఈ మధ్యే గట్టిగా చోటు సంపాదించుకుంది. ప్రపంచంలో అందరికంటే ముందు, 1955లో, లైంగిక విద్యను తప్పనిసరి చేసిన స్వీడన్ 2022లో ఆ అంశం శీర్షికలోనే సమ్మతిని చేర్చింది. ఆస్ట్రేలియాలో చానెల్ కాంటోస్ అనే యువతి 2021లో మొదలుపెట్టిన వినతిపత్రానికి వేలాది మంది తమ బడిరోజుల అనుభవాలు జోడించారు. 2022లో అక్కడి విద్యా మంత్రులు సమ్మతి పాఠాన్ని తప్పనిసరి చేయడానికి ఒప్పుకున్నారు. ఈ పాఠాన్ని "కాదంటే కాదు" అన్న ఒక్క వాక్యంతో ముగించకూడదు. మౌనం, తప్పించుకునే నవ్వు, "తర్వాత చూద్దాం" అనడం కూడా ఒప్పుకోలు కాదని పిల్లలకు ఉదాహరణలతో చూపించాలి. అడిగేవాళ్ల బాధ్యత ఏమిటో కూడా అంతే సమయం తీసుకుని చెప్పాలి.

వైకల్యం ఉన్న పిల్లలను ఈ పాఠాల్లో దాదాపు ఎవరూ లెక్కలోకి తీసుకోరు. వాళ్లకు ఇవన్నీ ఎందుకన్న ధోరణి పెద్దవాళ్లలో ఉంటుంది. 2012లో లాన్సెట్‌లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం, వాళ్ల మీద లైంగిక హింస జరిగే అవకాశం మిగతా పిల్లలతో పోలిస్తే దాదాపు మూడు రెట్లు. స్నానం, బట్టలు మార్చుకోవడం లాంటి వాటికి ఇతరుల మీద ఆధారపడే పిల్లలకు, ఏది సాయమో ఏది అత్యాచారమో మిగతా అందరికంటే ముందుగా, స్పష్టంగా తెలియాలి.

తల్లిదండ్రుల మాట

ఈ పాఠం చెప్పాల్సింది ఇంట్లోనే అని చాలామంది తల్లిదండ్రులు అంటారు. చెప్పగలిగితే అంతకంటే మంచిది లేదు. ఇబ్బంది ఏమిటంటే ఇల్లు బడి మీద, బడి ఇంటి మీద వదిలేస్తాయి. పైగా కొందరు పిల్లలకు ఇల్లే ప్రమాదకరమైన చోటు. పిల్లల మీద అఘాయిత్యాలు చేసేవాళ్లలో ఎక్కువమంది తెలిసినవాళ్లే. అలాంటి పిల్లలకు బడి తప్ప వేరే దిక్కు లేదు.

ఇంగ్లండ్ 2020 సెప్టెంబర్ నుంచి హైస్కూళ్లలో సంబంధాల, లైంగిక విద్యను తప్పనిసరి చేసినప్పుడు ఈ సంఘర్షణకు ఒక మధ్యేమార్గం కనిపెట్టింది. తమ పిల్లలను సెక్స్ పాఠాల నుంచి తప్పించమని తల్లిదండ్రులు కోరవచ్చు. సంబంధాల పాఠాల నుంచి, సైన్స్ పాఠాల నుంచి మాత్రం తప్పించడానికి వీల్లేదు. బిడ్డకు 16 ఏళ్లు నిండటానికి మూడు టర్ముల ముందు నుంచి, ఆ బిడ్డే పాఠం కావాలని కోరితే బడి చెప్పాలి. తల్లిదండ్రుల హక్కు, ఎదుగుతున్న పిల్లల హక్కు రెండింటినీ వయసు ప్రకారం తూకం వేసే ప్రయత్నం ఇది. నాకు ఇది న్యాయంగానే తోస్తుంది.

గొడవలు ఎక్కువగా రేగేది పాఠంలో ఉన్నదాని మీద కంటే, ఉందని ఊహించుకున్నదాని మీద. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో 2015లో కొత్త సిలబస్ వచ్చింది, 2018లో కొత్త ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుని 1998 నాటి పాఠానికి మళ్లింది, 2019లో తెచ్చిన మరో సిలబస్ చాలావరకు 2015 నాటిదాన్నే పోలి ఉంది. పాఠం మొదలుకాక ముందే తల్లిదండ్రులను పిలిచి, పిల్లలకు చూపించబోయే ప్రతి పేజీ, ప్రతి బొమ్మ వాళ్ల చేతికి ఇచ్చే బడికి ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. ఆ రోజు రాత్రి ఇంట్లో మాట ఎలా మొదలుపెట్టాలో రెండు ప్రశ్నలు రాసిచ్చి పంపితే ఇంకా మంచిది.

పాఠం అయ్యాక

పాఠం నిజంగా బాగా చెబితే జరిగే ఒక సంగతికి చాలా బడులు సిద్ధంగా ఉండవు. ఎవరో ఒక బిడ్డ టీచర్ దగ్గరికి వచ్చి, తనకు జరిగింది చెబుతుంది. అప్పటిదాకా దానికి పేరు కూడా తెలియకపోయి ఉండవచ్చు. ఆ క్షణంలో టీచర్ "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకూడదు. పిల్లల రక్షణ కోసం తెలియజేయాల్సిన బాధ్యత చాలా దేశాల్లో చట్టప్రకారమే టీచర్ మీద ఉంటుంది. మాట ఇచ్చి తప్పితే ఆ బిడ్డ మళ్లీ ఏ పెద్దవాళ్లనూ నమ్మదు. "నువ్వు చెప్పింది నేను నమ్ముతున్నాను, ఇందులో నీ తప్పేమీ లేదు, నిన్ను కాపాడటానికి ఫలానా వాళ్లకు చెప్పాల్సి ఉంటుంది" అనాలి. లోతుగా ప్రశ్నించడం, వివరాలు రాబట్టడం టీచర్ పని కాదు. విన్నది విన్నట్టు రాసుకుని అదే రోజు బాధ్యులకు అందించాలి.

అందుకే మొదటి పాఠానికి ముందే బడి కొన్ని ఏర్పాట్లు చేసుకోవాలి. ఎవరికి చెప్పాలో పేరుతో సహా ప్రతి టీచర్‌కూ తెలియాలి. సహాయం కోసం పిల్లలు ఫోన్ చేయగల నంబర్ క్లాసు గోడ మీద, దగ్గరికి వెళ్లి నిలబడకుండానే అందరూ చూడగలిగే చోట ఉండాలి. ఈ పీరియడ్‌ను వారంలో చివరి రోజు చివరి గంటలో పెట్టకూడదు. పాఠం విన్న బిడ్డ ధైర్యం కూడగట్టుకునేసరికి మర్నాడు అవుతుంది, ఆ మర్నాడు బడి తెరిచి ఉండాలి, ఆ టీచర్ అక్కడ ఉండాలి.